ఏడు మిరపకాయలు

ఇంట్లో ఒక్క మిరపకాయ ఉండకూడదని వీరలక్ష్మి మూడు రోజులు నడుం వాల్చలేదు. ఆ పని అనుకున్నంత తేలిక కాదు. బర్మాలో, పజుండౌంగ్ వాగు దగ్గరి సందులో, కింది వాటాలో, ఇరవై రెండేళ్ళుగా ఆమెకి కూడుపెడుతున్నది కారమే. కాయలకి తొడిమలు తీసి, వాకిట్లో ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి, పొట్లాలు కట్టి తెలుగువాళ్ళ ఇళ్ళకీ బిర్యానీ కొట్లకీ వేస్తుంది. ఆమె చేతులకి మంట తెలియదు, కళ్ళకి నీళ్ళు రావు. కొత్తవాళ్ళెవరైనా ఆ గుమ్మంలోకి వస్తే ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తరవాతే పలకరిస్తారు.

అలాంటి ఇంట్లోంచి బస్తాలు, రోలు, రోకలి, జల్లెడ, చేటలు అన్నీ ఎదురు వాటాలో ఉండే అచ్చయ్య ఇంటికి చేరాయి. నేల రెండుసార్లు కడిగింది. గోడలు తడిగుడ్డతో తుడిచింది. దిండు గలీబులు ఉడకబెట్టింది. అచ్చయ్య సైకా తొక్కుతాడు. సైకిలుకి పక్కన రెండు సీట్లు బిగించిన రిక్షాని ఆ ఊళ్ళో అలా అంటారు. సంతలో బస్తాలు మోసినవాడే అయినా, ఈ బస్తాలకి మాత్రం వరసగా తుమ్మాడు.

"ఆపరేసను మీ గుంటకి, తుమ్ములు మా ఇంటికీనా చెల్లీ!" అన్నాడు.

"రెండు వారాలే అన్నియ్యా. పొగ తగలకూడదంట, దుమ్ము తగలకూడదంట. కాయితంలో రాసీసారు."

ఆ కాగితాన్ని కూతురు సత్యశ్రీ చదివి వినిపించింది. నాలుగు పేజీలు. కన్ను పొడిబారవచ్చు. దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. చీము పట్టవచ్చు. పైపొర జరిగిపోవచ్చు. జరిగితే మళ్ళీ సరిచెయ్యాల్సి రావచ్చు, ఒక్కోసారి చూపు మునుపటిలా రాకపోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు, నేనే ఒప్పుకున్నాను అని చివర సంతకం. "ఇన్ని వొచ్చులుంటే ఎందుకే?" అని వీరలక్ష్మి అడిగితే సత్యశ్రీ నవ్వింది. "మందుసీసా మీద కూడా ఇన్నే ఉంతాయమ్మా, నువ్వు సదవవు గాని."

సత్యశ్రీకి ఇరవై నాలుగు. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో, తయారైన చొక్కాల కుట్లు తనిఖీ చేసే పని. మైనస్ ఏడు అద్దాలు. కరోనా వచ్చి మాస్కు తప్పనిసరి అయ్యాక, ఇస్త్రీ బల్లల ఆవిరికి ఆ అద్దాలు మసకబారేవి. తుడుచుకోవడానికి ఆగితే సూపర్‌వైజరు కేక, ఆగకపోతే తప్పు కుట్టు జారిపోయేది. నెలకి రెండుసార్లు మాట పడేది. అందుకని దాదాపు ఏడాది కూడబెట్టింది. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది. ఊరు రోడ్ల మీదికొచ్చింది, ఫ్యాక్టరీ సమ్మెలో మూతపడింది. "పని ఎలాగూ నేదు, ఇప్పుడే సేయించేసుకుంతాను" అంది. మార్చి మొదటి గురువారం ఊరి నడుమ అద్దాల మేడలోని ప్రైవేటు క్లినిక్‌లో రెండు కళ్ళకీ లేజరు చేశారు. ఒక్కో కంటికి పావుగంట పట్టలేదు.

శుక్రవారం పరీక్షకి వెళ్ళి, అద్దాలు లేకుండా గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివి వచ్చింది. వస్తూ వస్తూ సందు మొగలో నిలబడి, అటు చివర గుడి గోపురం మీద ఎన్ని కాకులున్నాయో లెక్కపెట్టి తల్లికి చెప్పింది. ఆ సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చారు. అద్దాలు తీసేసిన సత్యశ్రీ ముఖాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. "ఇన్నాళ్ళూ ఇంతేసి కళ్ళు ఎక్కడ దాసిందే నీ కూతురు!" అన్నారు.

ఆ మాట వీరలక్ష్మి గుండెలో ముల్లులా దిగింది.

*

ఆదివారం సంజెవేళ. ఇంకా దీపాలు పెట్టలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు, మూకుళ్ళు, రేకులు వాయిస్తోంది. ఇంట్లో దూరిన దయ్యాన్ని అలా తోలడం అక్కడివాళ్ళ ఆనవాయితీ, ఇప్పుడు సైన్యాన్ని అలాగే తోలుతున్నారు. ఊరు ఊరే దిష్టి తీసుకుంటూంటే తన పిల్లకి తీయకపోవడమేమిటని వీరలక్ష్మికి తోచింది. అచ్చయ్య ఇంటికి వెళ్ళి, తన బస్తాలోంచే ఏడు మిరపకాయలు లెక్కపెట్టి కొంగున కట్టుకుని తెచ్చింది.

పొగ తగలకూడదన్న మాట ఆమె మరిచిపోలేదు. మూడు రోజులుగా వంట కూడా అచ్చయ్య ఇంట్లోనే చేస్తోంది. కానీ దిష్టి పొగని ఆమె ఎన్నడూ పొగ కింద లెక్కవేసుకోలేదు. పసిపిల్లలకి తీస్తారు, బాలింతలకి తీస్తారు. అది రక్ష కదా, రక్ష కీడెలా చేస్తుంది?

సత్యశ్రీ మంచం మీద కూర్చుని ఉంది. "కళ్ళు మూసుకోయే, ఒక్క నిమిసం" అంది వీరలక్ష్మి. గుప్పిట్లో కాయలు, రాళ్ళుప్పు పట్టుకుని మూడుసార్లు అటు, మూడుసార్లు ఇటు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి అనుకుంటూ కుంపట్లో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయ ఎంత కాలినా ఘాటు రాదంటారు. ఘాటొస్తే దిష్టి లేనట్టు.

ఘాటొచ్చింది. అలా ఇలా కాదు. ఎండబెట్టిన నాటు కాయలవి, గది నిండిపోయింది. వీరలక్ష్మికి గొంతులో చిన్న గరగర, అంతే. సత్యశ్రీ మాత్రం ఉక్కిరిబిక్కిరై దగ్గింది. దగ్గుతూ దగ్గుతూ కుడిచేతి పిడికిలి కుడికంట్లో పెట్టి గట్టిగా నులుముకుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. వీరలక్ష్మి చూసింది. "ఒలే, సెయ్యి తియ్యే!" అని అరిచి మణికట్టు పట్టుకునేసరికి అయిపోయింది.

కుంపటి బయట పడేసి వచ్చింది. కూతురి కళ్ళలో చుక్కలమందు వేసింది. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

*

సోమవారం పొద్దున్న సత్యశ్రీ ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూసింది. తరవాత రెండోది మూసి చూసింది. అలా పది నిమిషాలు మార్చి మార్చి చూస్తుంటే, బియ్యం ఏరుతున్న వీరలక్ష్మి చేతులు ఆగిపోయాయి.

"ఏటే?"

"కుడికన్ను మసకగుంది. అంకెలు రెండేసి కనిపిస్తన్నాయి."

క్లినిక్‌కి ఫోను చేసింది. అటువైపు మనిషి, కన్ను పొడిబారిందని, ఇది అందరికీ ఉండేదేనని, చుక్కలు రెండింతలు వేసుకోమని చెప్పాడు. రెండింతలు వేసింది. మంగళవారానికి తగ్గలేదు. ఆ రెండు రోజులూ వీరలక్ష్మికి అన్నం సయించలేదు. కూతురు అటు తిరిగి పడుకుంటే కంట్లో ఏమవుతోందోనని భయం, ఇటు తిరిగి తనని చూస్తే మరీ భయం. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆమె పని.

బుధవారం మధ్యాహ్నం సందు మొగలో జనాన్ని తరుముతూ సైనికులు గ్యాసు కొట్టారు. గుండు ఒకటి దొర్లుకుంటూ వచ్చి అచ్చయ్య సైకా చక్రం కింద ఆగింది. కిటికీలు మూసేలోపే తెల్లటి పొగ కింది వాటాల్లోకి కొట్టుకొచ్చింది. వీరలక్ష్మి కూతుర్ని మంచం మీద పడుకోబెట్టి, తడి తువ్వాలు ముఖం మీద కప్పి, తన ఒళ్ళంతా అడ్డం పెట్టింది. కారానికి చెక్కుచెదరని ఆమె కళ్ళు ఆరోజు ధారగా కారాయి. సత్యశ్రీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బిగబట్టింది. కన్ను ముట్టుకోలేదు. అదీ వీరలక్ష్మి చూసింది.

పొగ తగ్గాక అచ్చయ్య వచ్చి తలుపు కొట్టాడు. సత్యశ్రీ కుడికన్ను చింతనిప్పులా ఉంది.

"గ్యాసు కొట్టీసిందేటి గుంట కంటికి!" అన్నాడు.

వీరలక్ష్మి నోరు తెరిచేలోపు సత్యశ్రీ అంది. "అవును మావయ్యా. గ్యాసే."

వీరలక్ష్మి నోరు అలాగే మూతపడింది. లోపల ఏదో బరువు దిగినట్టయింది. బరువు దిగిందని తెలియగానే సిగ్గేసింది. సిగ్గేసినా, అవునని తలాడించింది.

సాయంత్రానికి సందంతా ఆ మాటే. అరటిపళ్ళు తెచ్చినవాళ్ళు తెచ్చారు, కొబ్బరినీళ్ళు తెచ్చినవాళ్ళు తెచ్చారు. పై అంతస్తు బర్మా ముసలావిడ వచ్చి సత్యశ్రీ తల నిమిరి, సైనికుల్ని ఏడుతరాలు తిట్టి వెళ్ళింది. ప్రతి తిట్టూ తనకే తగులుతున్నట్టు వీరలక్ష్మి గోడకి జరిగి కూర్చుంది.

గురువారం అచ్చయ్య ఇద్దర్నీ సైకాలో ఎక్కించుకుని, ఇసకబస్తాల అడ్డుకట్టల్ని తప్పించుకుంటూ సందుల్లోంచి క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. ఇనుప తెర సగం దించి ఉంది. లోపల టై కట్టుకున్న గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. డాక్టరు లేరన్నాడు. ఎప్పుడొస్తారో తెలియదన్నాడు. సత్యశ్రీ పేరు విని ఆ నాలుగు పేజీల కాగితం తీసి, సంతకం మీద వేలు పెట్టాడు.

"గ్యాసు తగిలితే మా బాధ్యత కాదు. పైపొర జరగొచ్చని ముందే రాశాం. మీరు చదివే కదా సంతకం పెట్టారు?"

"ఒకసారి యంత్రంలో చూసైనా చెప్పండి. పొర జరిగిందా లేదా?"

"చూడ్డానికి డాక్టరుండాలి కదా" అన్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. చుక్కలమందు సీసా ఒకటి ఊరికే ఇచ్చి తెర దించేసుకున్నాడు.

*

నెట్టు ఉండీ లేనట్టుంది. ఫోన్లు కాసేపు పనిచేస్తే కాసేపు మూగబోతున్నాయి. అచ్చయ్యే నోటి మాట మీద నోటి మాట పట్టుకుని కబురు తెచ్చాడు. లమ్మడా పేట దాటాక ఒక బౌద్ధ మఠంలో శుక్లాలు తీసే ధర్మాసుపత్రి ఉంది. సర్కారీ కొలువు వదిలేసి సమ్మెలో ఉన్న కంటి డాక్టరమ్మ ఒకావిడ అక్కడ పొద్దుటిపూట గుట్టుగా చూస్తోంది. ఆవిడ పేరెవరూ చెప్పరు, అందరూ సెయామా అంటారు, అక్కడి భాషలో డాక్టరమ్మ అని. "గ్యాసు దెబ్బని సెప్పాను చెల్లీ. బేగి తీసుకు రమ్మన్నారు" అన్నాడు.

గ్యాసు దెబ్బని చెప్పబట్టే రమ్మన్నారా? శుక్రవారం తెల్లారి సైకాలో కూర్చున్నంతసేపూ వీరలక్ష్మిని తొలిచేసిన ప్రశ్న అది. మఠం వసారాలో బల్లల మీద పాతికమంది ఉన్నారు. ఒకడికి రెండు కళ్ళకీ కట్టు. ఒకమ్మాయికి చెంప మీదుగా కంటిదాకా కమిలి ఉంది. దెబ్బలు తగిలిన ఈ పిల్లలందరి మధ్య తను దిష్టి తీసిన కన్ను పట్టుకొచ్చి కూర్చుంది. తెలిస్తే లేచి పొమ్మంటారు. పొమ్మనడం న్యాయమే కూడా.

సెయామా ముప్పై అయిదేళ్ళ మనిషి. జుట్టు రబ్బరుబ్యాండుతో బిగించి, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు వేసుకుని ఉంది. సత్యశ్రీ గడ్డాన్ని యంత్రం గట్టు మీద ఆనించి, సన్నటి వెలుగు గీతని కంటి మీద అటూ ఇటూ జరిపింది. చాలాసేపు చూసింది.

"పొర జరిగింది" అంది బర్మాలో. వీరలక్ష్మికి అర్థం కావాలని నెమ్మదిగా చెప్పింది. "కంటి పైపొరని మూతలా కోసి, ఎత్తి, లోపల లేజరుతో చెక్కి, మళ్ళీ మూసేస్తారమ్మా. కుట్లుండవు. దానంతటది అతుక్కోవాలి. ఇక్కడ మూత పక్కకి జరిగి ముడతలు పడింది, దుప్పటి ముడతల్లాగా. చూపు నిలిచే చోటే ముడత ఉంది. ఎప్పుడైంది?"

"బుధవారం" అంది సత్యశ్రీ. "గ్యాసు కొట్టినప్పుడు."

"నులుముకున్నారా?"

"నులుముకున్నాను."

సెయామా మళ్ళీ యంత్రంలోకి చూసింది. పెదవి కొరుక్కుంది. "రెండు రోజుల ముడతలైతే పని తేలిక. మూత ఎత్తి, కడిగి, సరిచేసి పరిచేస్తాను. అంతకన్నా పాతవైతే ముడతల్లోకి పైచర్మం పెరిగి గట్టిపడుతుంది. అప్పుడు దాన్ని గీరి తీయాలి. నొప్పి ఎక్కువ, చీము పట్టే భయమూ ఎక్కువ, అందుకని ఊరికే గీరను. గీరాల్సింది గీరకపోతే మాత్రం ముడత మళ్ళీ అక్కడికే వస్తుంది. మూడోసారి ఎత్తితే ఈ కన్ను ఎంత మిగులుతుందో చెప్పలేను. చూడబోతే నాకివి పాతవేమో అని అనుమానం. బుధవారానికి ముందు ఏమీ తగల్లేదు కదా?"

"లేదు" అంది సత్యశ్రీ.

ఆ "లేదు" లో వణుకు లేదు. అప్పుడు అర్థమైంది వీరలక్ష్మికి. పిల్ల అమాయకంగా గ్యాసనుకోవడం లేదు. దానికంతా తెలుసు. సోమవారం క్యాలెండరు చూసినప్పుడే తెలుసు. బుధవారం చేతులు తొడల కింద పెట్టుకున్న పిల్లకి, ఆదివారం పిడికిలి కంట్లో పెట్టుకున్న సంగతి గుర్తులేకపోతుందా? తల్లి మీద మాట రాకుండా తన కన్ను అడ్డం పెడుతోంది. ఇన్ని రోజులూ తను ఆ కంటి చాటునే దాక్కుంది.

"కాదు సెయామా" అంది వీరలక్ష్మి. ఆమెది బజారు బర్మా. బేరాలకి సరిపోతుంది కానీ ఇలాంటి మాటలకి చాలదు. అయినా చెప్పింది. "ఆదివారం. గ్యాసు కాదు. మిరపకాయలు. నేనే కాల్చాను. దిష్టి తీశాను. పిల్ల నులుముకుంది, గట్టిగా, మూడుసార్లు. నేను చూశాను. బుధవారం అది కన్ను ముట్టుకోలేదు. ఆదివారం సాయంత్రం దీపాలవేళ."

"అమ్మా, ఊరుకో" అంది సత్యశ్రీ తెలుగులో.

"ఊరుకోనే. ఇన్నాళ్ళూ ఊరుకునే నీ కన్ను తినీసాను." మళ్ళీ సెయామా వైపు తిరిగి చేతులు జోడించింది. "ఈ పిల్ల గ్యాసు మనిషి కాదు. బయట అంతమంది ఉన్నారు. కావాలంటే మేం అందరికన్నా చివర కూర్చుంటాం. పొమ్మనకండి."

సెయామా ఆమెని వింతగా చూసింది. తరవాత నవ్వింది. ఆ నవ్వులో ఎన్ని రోజుల నిద్రలేమి ఉందో!

"అమ్మా, బయట కూర్చున్నారే, వాళ్ళ చీటీలు చూడండి. ఒకడికి వేడినూనె పడింది. ఒకమ్మాయి మెట్ల మీంచి జారింది. ముగ్గురికి వంటింట్లో మిరపకాయ మాడింది. నిజం రాస్తే రేపు సైన్యం వచ్చి తీసుకుపోతుందని భయం. ఊరంతా గ్యాసుని మిరపకాయ అని చెబుతోంది. మిరపకాయని గ్యాసు అని చెప్పింది మీరొక్కరే."

ఆమె చేతులు కడుక్కోవడానికి లేచింది. "గీరాలి. మంచిదైంది చెప్పారు. లోపలికి తీసుకురండి."

గీరడానికీ కడగడానికీ ముప్పావుగంట పట్టింది. తలుపు అద్దంలోంచి వీరలక్ష్మికి సెయామావి మోచేతులు మాత్రమే కనిపించాయి. అంగుళం అటూ ఇటూ కదలకుండా, డొక్కలకి బిగించి పెట్టుకున్నట్టున్నాయి. మత్తుచుక్కలు వేసినా సత్యశ్రీ పాదాలు బల్ల అంచున ఒకదాన్నొకటి గట్టిగా తొక్కుకుంటున్నాయి. ఆ పాదాలనే చూస్తూ నిలబడింది వీరలక్ష్మి. దేవుడికి మొక్కబోయి ఆగిపోయింది. ఏ ముఖం పెట్టుకుని మొక్కుతుంది?

కంటికి కట్టులాంటి లెన్సు పెట్టి, పైన రేకు మూత అతికించి పంపారు. తిరుగుదారిలో సైకా కుదుపులకి కూతురి తల తన భుజానికి తగలకుండా వీరలక్ష్మి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అన్నియ్యా, ఒక మాట" అంది. "ఇది గ్యాసు కాదు..."

"గ్యాసే మావయ్యా" అంది సత్యశ్రీ కళ్ళు మూసుకునే. అచ్చయ్యకి వినబడకుండా తల్లి చెవి దగ్గర గొణిగింది. "సెయామాకి సెప్పీసావు, సాలు. సందులో సెప్పమాక. ఆ సచ్చినోళ్ళకి ఒక్క తిట్టు కూడా తగ్గకూడదు."

వీరలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. పక్కన సైకిలు తొక్కుతున్న అచ్చయ్య ఇటు తిరగలేదు. "ఏడవండి, ఏడవండి. ఇయ్యాళ ఈ ఊళ్ళో ఏడవనోళ్ళెవరు!" అన్నాడు.

*

అయిదు రోజులు. మొదటి రెండు రోజులూ సత్యశ్రీ నొప్పితో మంచంపట్టె పట్టుకుని పడుకుంది. మూడోనాడు చీము పట్టిందేమోనని వీరలక్ష్మి గంటకోసారి దూరం నుంచే చూసింది, దగ్గరికి వెళ్ళడానికి తన చేతులంటేనే ఆమెకి భయం. సబ్బుతో కడిగిన చేతుల్ని మళ్ళీ కడిగింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇరవై రెండేళ్ళ కారం, ఒకనాటికి పోతుందా? అచ్చయ్య భార్య వచ్చి, ఇంత జరిగింది దిష్టి తియ్యి వదినా అంది. వీరలక్ష్మి తలుపు దగ్గరే నిలబడి, మా ఇంట్లో కాయలు లేవమ్మా అంది.

ఆరోనాడు పొద్దున్న మఠానికి వెళ్ళి లెన్సు తీయించుకుని వచ్చారు. ముడత పోయింది, చిన్న గీత మిగిలింది, దీపాల చుట్టూ వలయాలు కొన్నాళ్ళు తప్పవు, బహుశా ఎప్పటికీ కొద్దిగా ఉంటాయి అంది సెయామా. సత్యశ్రీ మంచం మీద కూర్చుని ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. క్యాలెండరు వైపు చూడలేదు. గది చివర కూరగాయల బుట్ట సర్దుతున్న తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, కదలమాక."

వీరలక్ష్మి ఉన్నదున్నట్టు నిలబడిపోయింది.

"నీ జాకెట్టు మీద మిరప గింజుంది."

"ఎక్కడే? ఇల్లంతా కడిగీసాను కదే!"

"ఎడం సెయ్యి. కుట్టు పక్కన. పసుపుపచ్చగా."

వీరలక్ష్మి చెయ్యెత్తి చూసుకుంది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. చత్వారం వచ్చి నాలుగేళ్ళయింది, ఏమీ కనిపించలేదు. చివరికి కుట్టు వెంట వేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. గింజ తగిలింది.